జాప్యం ఎవరి ఖాతాలో? నిర్మాణ అనుమతుల అప్పీళ్లపై స్మారక ఉపన్యాసం

ఎవరి పేరున ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ పెద్దాయన ఉద్యోగ జీవితమంతా పురపాలక సంఘాల టౌన్ ప్లానింగ్ విభాగాల్లో గడిచింది. ప్లాను చేతికి రాగానే సెట్‌బ్యాక్‌లు, రోడ్డు వెడల్పు ఎంత శ్రద్ధగా చూసేవారో దరఖాస్తు మీది తేదీని కూడా అంతే శ్రద్ధగా చూసేవారని ఆయన కింద పనిచేసినవారు ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి మనిషి స్మృతిలో మాట్లాడమన్నప్పుడు, నిర్మాణ అనుమతుల మీద వచ్చే అప్పీళ్లు తేలడంలో జరిగే జాప్యం కంటే తగిన విషయం నాకు తోచలేదు.

మన స్థలంలో మనం కట్టుకుంటామంటే స్థానిక సంస్థ కాదనవచ్చు. లేదా పక్క స్థలంలో వచ్చే ఐదంతస్తుల కట్టడానికి ఔనని మన వెలుతురు పోయేలా చేయవచ్చు. రెండు సందర్భాల్లోనూ, ఆ నిర్ణయంతో సంబంధం లేని మరొకరు మొత్తం వ్యవహారాన్ని మళ్లీ చూడాలని పౌరుడు కోరుకుంటాడు. అప్పీలు అందుకోసం పుట్టింది. ఆ అప్పీలు తేలకుండా ఉన్న ప్రతి నెలా ఎవరో ఒకరికి లాభం, ఇంకొకరికి నష్టం. ఆ లాభనష్టాలు న్యాయాన్యాయాలను బట్టి పడవు. ఆ సమయానికి స్థలం ఎవరి చేతిలో ఉంది, వడ్డీ ఎవరు కడుతున్నారు, గోడ అప్పటికే లేచిందా లేదా అన్న దాన్ని బట్టి పడతాయి. అందుకే గడువు దాటితే భారం ఎవరు మోయాలో చట్టం ముందే తేల్చిచెప్పాలని, ఆ భారంలో అప్పీలు వినే సంస్థకూ వాటా ఉండాలని నేను నమ్ముతున్నాను. ఈరోజు మీ ముందు పెట్టదలచిన మాట ఇదే.

దీనికి నేను ఐర్లండ్ అనుభవాన్ని ఎంచుకున్నాను. చిన్న దేశం. అప్పీళ్లకు ప్రత్యేకంగా ఒక సంస్థను పెట్టుకుని దాదాపు యాభై ఏళ్లు నడిపింది. జాప్యాన్ని తగ్గించడానికి చేయగలిగిన ప్రయోగాలు చాలావరకు చేసి చూసింది. వాటిలో నెగ్గినవీ, బెడిసికొట్టినవీ మనకు పాఠాలే.

మంత్రి బల్ల మీద నుంచి బోర్డు దగ్గరికి

ముందు బ్రిటన్ సంగతి రెండు మాటల్లో చెప్పాలి. 1947 నాటి టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టం 1948 జులై 1న అమలులోకి వచ్చినప్పటి నుంచి, అక్కడ భూమి యజమాని అయినంత మాత్రాన ఎవరూ దాని మీద ఇష్టం వచ్చినట్లు కట్టలేరు. అనుమతి కావాలి. కాదంటే మంత్రికి అప్పీలు. రెండు దశాబ్దాల పాటు చిన్న గ్యారేజీ మీద వచ్చిన అప్పీలు కూడా మంత్రి పేరు మీదే తేలాలి. 1957లో సర్ ఆలివర్ ఫ్రాంక్స్ కమిటీ ఇలాంటి విచారణలన్నిటికీ మూడు లక్షణాలు ఉండాలని చెప్పింది: దాపరికం లేకపోవడం, సమన్యాయం, నిష్పాక్షికత. వేగం ఆ మూడింటిలో లేదు. 1968 చట్టం వచ్చాక అప్పీళ్లను తేల్చే అధికారాన్ని ఇన్‌స్పెక్టర్లకు అప్పగించే వీలు ఏర్పడింది.

ఐర్లండ్ 1963లో తన చట్టం చేసుకుంది. అది 1964 అక్టోబరు 1న అమలులోకి వచ్చింది. అక్కడా మొదట అప్పీళ్లన్నీ మంత్రి దగ్గరికే వెళ్లేవి. రాజకీయ నాయకుడు నిర్మాణ అనుమతి ఇచ్చే చోట ఎలాంటి అనుమానాలు పుడతాయో మనకు ఎవరూ వివరించనక్కరలేదు. 1976లో చట్టం మార్చి, 1977 జనవరి 1 నుంచి అన్ బోర్డ్ ప్లనాలా అనే స్వతంత్ర బోర్డును ఏర్పాటు చేశారు. మంత్రి ఆ బరువు దించుకున్నాడు. దరఖాస్తుదారుకే కాక, మొదటి దశలోనే అభ్యంతరం చెప్పిన ఇరుగుపొరుగుకు కూడా అప్పీలు చేసుకునే హక్కు ఉంది. ఇంగ్లండులో ఇరుగుపొరుగుకు ఆ హక్కు లేదు.

ఆ హక్కు ఎలా నడుస్తుందో కొంచెం దగ్గరగా చూద్దాం. డబ్లిన్‌లో ఒకరు ఇంటి వెనక రెండంతస్తుల గది కట్టాలనుకున్నారు. దరఖాస్తు పెట్టడానికి ముందు రెండు వారాల్లోపు స్థలం ముందు నోటీసు అంటించాలి, పత్రికలో ప్రకటన వేయాలి. దరఖాస్తు అందాక ఐదు వారాల పాటు ఆ నోటీసు అక్కడే ఉండాలి. ఆ ఐదు వారాల్లో పక్కింటివారు 20 యూరోలు కట్టి తమ అభ్యంతరం రాసి ఇవ్వవచ్చు. స్థానిక సంస్థ ఎనిమిది వారాల్లో తేల్చాలి. తేల్చిన నాటి నుంచి నాలుగు వారాల్లో అప్పీలు. అప్పీలుతో పాటు కారణాలన్నీ, 220 యూరోల రుసుమూ, మొదటి దశలో అభ్యంతరం అందినట్లు స్థానిక సంస్థ ఇచ్చిన రసీదూ జతచేయాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ అప్పీలు చెల్లదు. తర్వాత తెచ్చి ఇస్తామన్నా కుదరదు. పౌరుడి వైపు గడువులు ఇంత బిగువుగా ఉంటాయి.

ఇక బోర్డు వైపు చూడండి. 2000 నాటి చట్టంలోని 126వ సెక్షన్ ప్రకారం 18 వారాల్లో అప్పీలు తేల్చడం బోర్డు లక్ష్యంగా ఉండేది. లక్ష్యం మాత్రమే. కుదరకపోతే, గడువు ముగియకముందే కారణం చెప్పి, ఏ తేదీలోపు తేల్చబోతున్నామో రాసి, సంబంధించిన వారందరికీ నోటీసు పంపాల్సి ఉండేది. అది మంచి నియమం. పౌరుడికి కనీసం ఒక తేదీ చేతికి వచ్చేది. కానీ ఆ రెండో తేదీ కూడా దాటిపోతే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. మొదటి దశలో స్థానిక సంస్థ ఎనిమిది వారాల్లో నోరు విప్పకపోతే అనుమతి ఇచ్చినట్లే లెక్క అని అదే చట్టం చెప్పింది. పై దశకు వచ్చేసరికి ఆ మౌనానికి లెక్క లేకుండా పోయింది.

ఎందుకు ఆలస్యమవుతుంది

అప్పీళ్లు ఆలస్యమయ్యేది ఉద్యోగుల బద్ధకం వల్లనే అనుకుంటే సమస్య మనకు అర్థం కానట్లే. అప్పీలు అంటే ఐర్లండులో మొత్తం దరఖాస్తును మొదటి నుంచి చూడటం. ఇన్‌స్పెక్టరు కాగితాలు చదవాలి, స్థలానికి వెళ్లి నిలబడి చూడాలి, నివేదిక రాయాలి. బోర్డు సభ్యులు కూర్చుని దాన్ని ఒప్పుకోవాలి, లేదా ఎందుకు ఒప్పుకోవడం లేదో రాయాలి. మధ్యలో ఎవరైనా కొత్త పత్రం ఇస్తే అవతలివారికి పంపి జవాబు చెప్పే సమయం ఇవ్వాలి. పక్షుల ఆవాసమో, తడినేలో దగ్గరలో ఉంటే యూరోపియన్ పర్యావరణ నిబంధనల ప్రకారం వేరే పరిశీలన జరగాలి. దానికి జీవావరణ నిపుణులు కావాలి. వీటిలో ఏదీ వృథా పని కాదు. ఒక్కటి వదిలేసినా నిర్ణయం కోర్టులో నిలబడదు.

ఇంకో సంగతి ఉంది. జాప్యం మరో జాప్యాన్ని కంటుంది. గాల్వే నగరం చుట్టూ వేయదలచిన రింగు రోడ్డుకు 2018లో బోర్డుకు దరఖాస్తు వెళ్లింది. అది అప్పీలు కాదు, నేరుగా బోర్డుకే వెళ్లే వ్యవహారం. మూడేళ్ల తర్వాత, 2021 చివరలో అనుమతి వచ్చింది. 2023 జనవరిలో ఆ అనుమతి రద్దయింది. కారణం: నిర్ణయానికి కొద్ది రోజుల ముందే ప్రభుత్వం కొత్త వాతావరణ కార్యాచరణ ప్రణాళికను ఆమోదించింది, బోర్డు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఎన్ని నెలలు గడిస్తే అన్ని కొత్త విధానాలు, అన్ని కొత్త జనాభా లెక్కలు, అన్ని కొత్త తీర్పులు వచ్చి పడతాయి. వాటన్నిటినీ మళ్లీ అందరికీ పంపాలి. త్వరగా తేలిన నిర్ణయానికి ఈ ప్రమాదం తక్కువ. ఆలస్యం చేస్తే నిర్ణయం మరింత పక్వానికి వస్తుందన్న నమ్మకం మన కార్యాలయాల్లో బలంగా ఉంది. గాల్వే రింగు రోడ్డు కథ దానికి సమాధానం.

అథెన్రీ కథ

గాల్వే కౌంటీలోనే అథెన్రీ అనే చిన్న పట్టణం ఉంది. 2015 ఫిబ్రవరిలో యాపిల్ కంపెనీ ఆ పక్కనున్న డెర్రీడానెల్ అడవిలో 85 కోట్ల యూరోలతో డేటా సెంటర్ కడతామని ప్రకటించింది. అదే రోజు డెన్మార్క్‌లోని వీబోర్గ్ దగ్గర మరొకటి కడతామని చెప్పింది. సెప్టెంబరులో కౌంటీ కౌన్సిల్ అనుమతి ఇచ్చింది. అప్పీళ్లు వెళ్లాయి. 2016 మేలో బోర్డు మౌఖిక విచారణ జరిపి, ఆగస్టులో అనుమతిని ఖాయం చేసింది. కౌన్సిల్ నిర్ణయం నుంచి అప్పటికి పదకొండు నెలలు. తర్వాత వ్యవహారం హైకోర్టుకు ఎక్కింది. 2017 అక్టోబరులో హైకోర్టు అభ్యంతరాలను తోసిపుచ్చింది. అక్కడి నుంచి సుప్రీంకోర్టు. 2018 మేలో యాపిల్ ఆ ప్రాజెక్టునే వదులుకుంది. 2019 ఏప్రిల్‌లో, అంటే దరఖాస్తుదారు వెళ్లిపోయిన పదకొండు నెలలకు, సుప్రీంకోర్టు ఆ అభ్యంతరాలు నిలవవని తీర్పు చెప్పింది. ఈలోగా డెన్మార్క్‌లో రెండోది కట్టేశారు.

ఈ కథను చాలామంది అభ్యంతరం చెప్పినవారి మీదికి తోసేస్తారు. నేను ఒప్పుకోను. అంత విద్యుత్తు ఎక్కడి నుంచి వస్తుంది, అడవి ఏమవుతుంది అని అడగడం పౌరుల హక్కు. ఆ ప్రశ్నలకు జవాబు దక్కాల్సిన సమయంలో దక్కలేదు. ఉద్యోగాలు వస్తాయని ఎదురుచూసిన ఊరికి కూడా దక్కలేదు. చివరికి ఫలితాన్ని తేల్చింది బోర్డూ కాదు, కోర్టూ కాదు, కాలయాపన. దాని మీద ఎవరికీ అప్పీలు లేదు.

దగ్గరి దారి, దూరమైన గమ్యం

ఇళ్ల కొరత పెరగడంతో ఐర్లండ్ ప్రభుత్వం 2016 చట్టంతో ఒక దగ్గరి దారి కనిపెట్టింది. వంద ఇళ్లు, అంతకు మించిన ప్రాజెక్టులు స్థానిక సంస్థ గడప తొక్కకుండా నేరుగా బోర్డుకే వెళ్లవచ్చు. బోర్డు 16 వారాల్లో తేల్చాలి. తేల్చకపోతే దరఖాస్తుదారుకు బోర్డే 10,000 యూరోల దాకా చెల్లించాలి. 2017 జులైలో అది అమలులోకి వచ్చింది. గడువుకు జరిమానా జోడించడం సరైన ఆలోచనే.

కానీ మొదటి దశను తీసేశారు కాబట్టి, ఊరివారు తమ గోడు చెప్పుకునే మొదటి చోటూ పోయింది, తప్పు సరిదిద్దుకునే రెండో చోటూ పోయింది. వారికి మిగిలింది కోర్టు ఒక్కటే. బోర్డు నిర్ణయాన్ని ఎనిమిది వారాల్లోపు హైకోర్టులో సవాలు చేయవచ్చు. అలా సవాళ్లు గుట్టలుగా పడ్డాయి, అనుమతులు ఒకదాని తర్వాత ఒకటి రద్దయ్యాయి. 2021 చివరలో ఆ పద్ధతిని ఎత్తేసి మళ్లీ స్థానిక సంస్థ దగ్గర మొదలయ్యే విధానం తెచ్చారు. అప్పీలు దశలో మిగిల్చామనుకున్న వారాలు కోర్టు దశలో నెలలై తిరిగి వచ్చాయి.

ఆ మరుసటి సంవత్సరం బోర్డు మీదే విమర్శలు, విచారణలు వచ్చాయి. సభ్యుల స్థానాలు ఖాళీ అయ్యాయి. సంతకం చేయాల్సిన చేతులు తగ్గేసరికి ఫైళ్లు పేరుకుపోయాయి. గడువు తప్పినందుకు ఆ పాత పద్ధతి కేసుల్లో బోర్డు జరిమానాలు కట్టింది. ఇక్కడొక పాఠం ఉంది. జరిమానా సొమ్ము ప్రజలదే. ఇన్‌స్పెక్టర్లను నియమించకుండా జరిమానా మాత్రమే పెడితే, ఒకే ఖజానాలో ఒక అర నుంచి తీసి బయట పోసినట్లే అవుతుంది. పౌరుడి ఫైలు కదలదు.

2024 అక్టోబరులో కొత్త ప్లానింగ్ చట్టం వచ్చింది. 2025 జూన్ 18న పాత బోర్డు స్థానంలో అన్ కొమిషూన్ ప్లనాలా అనే కమిషన్ ఏర్పడింది. లక్ష్యం అనే మాట స్థానంలో, వ్యవహారం స్థాయిని బట్టి 18 నుంచి 48 వారాల దాకా తప్పనిసరి గడువులను కొత్త చట్టం నిర్దేశించింది. తగినంత మంది నిపుణులను నిలబెట్టుకుంటేనే అవి నిలుస్తాయి.

ఇంగ్లండు అనుభవం ఇక్కడ ఉపయోగపడుతుంది. 2019 ఫిబ్రవరిలో అక్కడి అప్పీళ్ల విచారణలపై బ్రిడ్జెట్ రోజ్‌వెల్ చేసిన సమీక్ష వెలువడింది. బహిరంగ విచారణతో నడిచే అప్పీళ్లకు సగటున 47 వారాలు పడుతోందని ఆమె చూశారు. విచారణ జరిగే రోజుల్లో కంటే అది మొదలు కాకముందే ఎక్కువ కాలం పోతోంది. వకీళ్లకు వీలైన తేదీల కోసం వేచి ఉండటం, సగం కాగితాలతో అప్పీలు నమోదు కావడం, వివాదం ఏ అంశాల మీదో చివరిదాకా తేలకపోవడం కారణాలు. ఆమె సూచనలు సాదాసీదావి. కాగితాలన్నీ ఉంటేనే నమోదు. ఏడు వారాల్లోపు ఇన్‌స్పెక్టరు ఇరుపక్షాలతో మాట్లాడి వివాదాంశాలను ఖాయం చేయాలి. 13 నుంచి 16 వారాల్లో విచారణ. తేదీని అప్పీళ్లు వినే సంస్థే నిర్ణయించాలి. అమలు చేశాక ఆ రకం అప్పీళ్ల కాలం బాగా తగ్గింది. కాలాన్ని మిగల్చడానికి పౌరుడి మాట వినే సమయాన్ని కోయనక్కరలేదని ఆ సమీక్ష చూపించింది.

మన గుమ్మంలో

ఇప్పుడు మన సంగతి. మౌనానికి అర్థం కట్టడం మనకు కొత్త కాదు. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో అమలైన 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టంలో ఒక నిబంధన ఉంది. కార్యనిర్వాహక అధికారి గడువులోపు ఔననో కాదనో చెప్పకపోతే దరఖాస్తుదారు రాతపూర్వకంగా కౌన్సిల్‌ను అడగవచ్చు. కౌన్సిల్ తేల్చి తీరాలి. నెలలోపు అదీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్లే, నియమాలకు లోబడి కట్టుకోవచ్చు. కింది మౌనానికీ, పై మౌనానికీ రెండింటికీ లెక్క చెప్పిన చట్టం అది. నూరేళ్ల కిందటి ఆ చట్టం రాసినవారి ముందుచూపు నాకు గౌరవం కలిగిస్తుంది.

తెలంగాణలో 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం మొదటి దశను బాగా వేగవంతం చేసింది. 75 గజాల లోపు చిన్న ఇంటికి రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల దాకా, పది మీటర్ల ఎత్తు దాకా స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి. ఆపైన 21 రోజులు. దాటితే అనుమతి వచ్చినట్లే. ఇది మెచ్చుకోవాల్సిన మార్పు. దాంతో పాటే, తప్పుడు ధ్రువీకరణ ఇస్తే నోటీసు లేకుండానే కూల్చే అధికారాన్ని కూడా ఆ చట్టం ఇచ్చింది. అనుమతి నిమిషాల్లో, కూల్చివేత గంటల్లో అయినప్పుడు, మధ్యలో నిలిచి వినే అప్పీలు దశ అంతే చురుగ్గా ఉండాలి. అది లేదు కాబట్టే చాలామంది నేరుగా హైకోర్టులో రిట్ వేస్తున్నారు.

అక్కడ జాప్యం మరోవైపు మొగ్గుతుంది. అనుమతి కోసం అప్పీలు చేసినవాడికి ఆలస్యం నష్టం. అక్రమంగా అంతస్తు వేసి నోటీసు అందుకున్నవాడికి ఆలస్యమే లాభం. స్టే దొరికితే చాలు, స్లాబు ఆరుతుంది, గోడలు లేస్తాయి, అద్దెకు మనుషులు దిగుతారు. పక్కింటి ముసలావిడ పడమటి కిటికీ మూసుకుపోయి ఏళ్లు గడుస్తాయి. ఇంగ్లండులో కూడా ఎన్‌ఫోర్స్‌మెంట్ నోటీసు మీద అప్పీలు చేస్తే అది తేలేదాకా ఆ నోటీసు అమలు ఆగుతుంది. జాప్యం ఎవరి పక్షమూ వహించదని అనుకోవడం పొరపాటు. నిజాయితీగా ఆగినవాడి నుంచి తీసి, ఆగకుండా కట్టేసినవాడికి ఇస్తుంది.

లేఅవుట్ల క్రమబద్ధీకరణ దీనికి పెద్ద ఉదాహరణ. 2020 ఆగస్టు 31 నాటి జీవో 131 కింద తెలంగాణలో 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అవి అప్పీళ్లు కావు, కానీ నిర్ణయం కోసం ఎదురుచూపే. వాటిలో చాలా భాగం 2025లో రుసుములో 25 శాతం రాయితీ ప్రకటించేదాకా కదలనే లేదు. ఆ నాలుగైదేళ్లూ ప్లాటు కొన్న చిన్న ఉద్యోగి బ్యాంకు రుణం తెచ్చుకోలేక, అమ్ముకోలేక, ఇల్లు మొదలుపెట్టలేక ఉండిపోయాడు.

2024 సంవత్సరాంతంలో సుప్రీంకోర్టు ఈ విషయంలో రెండుసార్లు స్పష్టంగా మాట్లాడింది. నవంబరు 13 తీర్పులో, రోడ్లు, చెరువులు వంటి బహిరంగ స్థలాల ఆక్రమణలు మినహా, కూల్చే ముందు 15 రోజుల నోటీసు ఇవ్వాలని, ఉత్తర్వు వచ్చాక కూడా యజమానికి మరో 15 రోజులు ఉండాలని చెప్పింది. డిసెంబరు 17 తీర్పులో, కంప్లీషన్ సర్టిఫికెట్ నిరాకరణ మీదా, క్రమబద్ధీకరణ మీదా వేసిన అప్పీళ్లను, ఇప్పటికే పెండింగులో ఉన్నవాటితో సహా, 90 రోజులు దాటకుండా తేల్చాలని ఆదేశించింది. మన రెండు రాష్ట్రాల్లో అప్పీళ్లు వినే ప్రతి అధికారి బల్ల మీద ఉండాల్సిన వాక్యం అది.

చేయవలసినవి

నా సూచనలు ఇవి. ఒకటి, అప్పీళ్లు వినడమే పనిగా ఉండే ప్రత్యేక అధికారులు కావాలి. అనుమతులు ఇచ్చే శాఖలోని పై అధికారే అప్పీలూ వింటే పౌరుడికి నమ్మకం కలగదు. రెండు, కాగితాల కొరత (షార్ట్‌ఫాల్) ఉంటే అది ఒకేసారి, మొదటి వారంలోనే చెప్పాలి. విడతల వారీగా అడగడం మానాలి. మూడు, గడువు దాటితే ఏమవుతుందో అప్పీలు రకాన్ని బట్టి వేరువేరుగా రాయాలి. నియమాల ప్రకారం కట్టుకునే చిన్న ఇంటి విషయంలో మౌనం అనుమతి కావచ్చు. చెరువు పక్కన వచ్చే పెద్ద కట్టడానికి మౌనం ఎన్నటికీ అనుమతి కాకూడదు. అక్కడ రుసుము వాపసు, పై అధికారికి వివరణ ఉండాలి. అక్రమ కట్టడం మీద స్టే ఇచ్చినప్పుడు ఆ స్టేకి ఒక ఆఖరు తేదీ ఉండాలి. నాలుగు, పెండింగు అప్పీళ్ల జాబితాను, పాతవి పైన ఉండేలా, ప్రతి నెలా అందరికీ కనిపించే చోట పెట్టాలి. ఐదు, ఏడాదికి వచ్చే అప్పీళ్లకు తగినంత మంది లేకుండా ఏ గడువూ చట్టంలో రాయకూడదు. రాసి అమలు చేయలేని గడువు పౌరుడికి చట్టం మీదున్న గౌరవాన్ని తగ్గిస్తుంది.

ఈ సభలో ప్లానింగ్ చదువుతున్న విద్యార్థులు చాలామంది ఉన్నారు. రేపు ఆ కుర్చీల్లో కూర్చునేది మీరే. చట్టాలు మారడానికి సమయం పడుతుంది. కానీ 2000 నాటి ఐర్లండు చట్టంలోని ఆ ఒక్క మంచి నియమాన్ని పాటించడానికి మీకు ఏ సవరణా అక్కరలేదు. గడువులోపు తేల్చలేనని మీకు తెలిసిన రోజున, గడువు ముగియకముందే, ఎందుకు తేల్చలేకపోయారో, ఏ తేదీకి తేలుస్తారో రాసి ఇరుపక్షాలకూ ఉత్తరం పంపండి. కింద మీ పేరు రాయండి. దానికి ఏ జీవో అవసరం లేదు. అలా వందమంది అధికారులు చేయడం మొదలుపెడితే, జాప్యం ఎవరి ఖాతాలోదో రాష్ట్రంలో ప్రతివారికీ తెలుస్తుంది. ఆ తర్వాత చట్టం మార్చమని అడిగే బలం ప్రజలకు దానంతట అదే వస్తుంది.